ఖాళీగా కూర్చోడానికి గాలేలో నాలుగు రాత్రులు: ఎక్కువా, సరిపోతాయా?

పాస్‌బుక్_పంతులు
ఫిబ్రవరిలో నేనూ మా ఆవిడా శ్రీలంక వెళ్తున్నాం. మొత్తం ఐదు రాత్రులు. ఆవిడ షరతు ఒక్కటే, ఈసారి పరుగులు వద్దు. కిందటిసారి సింగపూర్, మలేషియా గ్రూపు టూరులో రోజూ పొద్దున్న ఆరున్నరకల్లా లాబీలో లైను కట్టించారు. ఏం చూశామో ఫోన్లో ఫొటోలు చూస్తే తప్ప గుర్తు రావట్లేదు. అందుకని గాలే కోటలో ఒక పాత ఇంట్లో గది తీసుకుని నాలుగు రాత్రులూ అక్కడే ఉందాం, చివరి రాత్రి ఎయిర్‌పోర్టు దగ్గర పడుకుందాం అంటోంది.

ఇది విని మా బావమరిది ఎక్సెల్ షీటు పంపాడు. కొలంబో, పిన్నవల ఏనుగులు, క్యాండీ, నువరఎలియ, ఎల్ల, యాల, మిరిస్స, గాలే... ఐదు రోజుల్లో ఎనిమిది చోట్లు. గాలేకి గంటన్నర కేటాయించాడు, అందులో అరగంట భోజనం.

షీటు చూస్తే భయమేసింది నిజమే. కానీ ఆవిడ ప్లాను చూసినా భయంగానే ఉంది. ముప్ఫై ఏళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్నవాణ్ని. ఎదురుగా లైను లేకపోతే నాకు టెన్షన్. అంత చిన్న కోటలో నాలుగు రోజులు ఏం చేస్తారండీ మనిషన్నవాడు? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. ఆవిడకి మోకాళ్ల నొప్పి ఉంది, పూర్తి శాకాహారి.

ఎర్రబస్సు
బావమరిది మాటే వినండి. ఫ్లైటుకి అంత డబ్బు పోసి వెళ్లి ఒకే ఊళ్లో కూర్చుంటారా? మేం నలుగురం ఐదు రోజుల్లో తొమ్మిది చోట్లు తిరిగాం. గాలే మేమూ చూశాం. గోడ, లైట్‌హౌస్, చర్చి. గంటలో అయిపోయింది.

ముంతకింద_పప్పు
@ఎర్రబస్సు పేరుకి తగ్గట్టే ఉంది మీ టూరు. స్టేజీ వచ్చింది, దిగండి, ఎక్కండి, రైట్ రైట్.

కొలంబో_కోడలు
పెళ్లై కొలంబో వచ్చి తొమ్మిదేళ్లు. ఏడాదికి రెండుసార్లయినా గాలే వెళ్తాం, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తాను.

కోట లోపల 52 హెక్టార్లు, అంటే మన లెక్కలో 130 ఎకరాల లోపు. చుట్టూ గోడ మీద నడిస్తే గంట, గంటన్నర. ఎర్రబస్సు గారు చెప్పింది అందుకే అబద్ధం కాదు, గంటలో "చూసేయొచ్చు". కానీ ఆయన వెళ్లింది మధ్యాహ్నం పన్నెండింటికి అయ్యుంటుంది, టూరు బస్సులన్నీ ఆ టైముకే వస్తాయి. ఆ ఎండకి గోడ మీది రాయి పెనంలా కాలుతుంది. ఆ వేళ ఎవరు చూసినా గంటకి మించి ఉండలేరు.

లోపల పడుకుంటే వేరే ఊరు. పొద్దున్న ఆరింటికి గోడ మీద ఊరివాళ్లు వాకింగ్ చేస్తుంటారు. బస్సులు సాయంత్రం నాలుగున్నరకి వెళ్లిపోయాక మళ్లీ ఊరివాళ్లే వస్తారు, పిల్లలతో, గాలిపటాలతో. కోట సముద్రంలోకి ముక్కులా పొడుచుకొచ్చి ఉంటుంది. లైట్‌హౌస్ వైపు కూర్చుంటే సూర్యోదయం, రోజంతా ఏమీ చేయకుండా ఉండి సాయంత్రం పడమటి గోడకి వెళ్తే సూర్యాస్తమయం. మధ్యలో దూరం పావుగంట నడక. మోకాళ్లకి ఇబ్బంది లేదు, గోడ ఎక్కడానికి చాలా చోట్ల గడ్డి వాలు ఉంది, కాకపోతే కొన్ని చోట్ల అంచుకి రెయిలింగ్ లేదు, చూసుకోవాలి.

నాలుగు రాత్రులు సరిపోతాయా అంటే మీ మీద ఆధారపడి ఉంటుంది. మీ ఆవిడకి సరిపోతాయి. మీకు మూడో రోజు నుంచి మొదలవుతాయి.

పాస్‌బుక్_పంతులు
మూడో రోజు దాకా ఏం చేయాలి?

ముంతకింద_పప్పు
టోకెన్ తీసుకుని కూర్చోండి సార్, పిలుస్తారు.

అలల_అంచు
సముద్రం కోసం వెళ్తూ కోటలో ఉండటం ఎందుకో నాకు అర్థం కాదు. కోట చుట్టూ ఉన్నది రాళ్లు. ఈతకి పనికొచ్చే బీచ్ లోపల లేదు, లైట్‌హౌస్ కింద చిన్న ఇసుక ముక్క ఉంది, అంతే. ఐదారు కిలోమీటర్ల దూరంలో ఉనవతున ఉంది, అక్కడ గది తీసుకోండి. చవక కూడా. కోట లోపల రేట్లు మండిపోతాయి, సగం ఇళ్లు బొటిక్ హోటళ్లు అయిపోయాయి.

కొలంబో_కోడలు
రేట్ల మాట నిజమే. ఇళ్లు అమ్ముకుని బయటికి వెళ్లిపోయిన పాత కుటుంబాలు చాలా ఉన్నాయి, అది అక్కడివాళ్లకే బాధ. కానీ పూర్తిగా హోటళ్ల ఊరు కాలేదు. లోపల మసీదు ఉంది, బడి ఉంది, పోస్టాఫీసు ఉంది, లాయర్ల ఆఫీసులు వరసగా ఉంటాయి. కాగితాలు పట్టుకుని జనం తిరుగుతుంటారు. పంతులు గారికి ఆ వీధి నచ్చుతుంది అనుకుంటా.

ఉనవతునకి కోట నుంచి టక్‌టక్‌లో, అంటే అక్కడి ఆటోలో, పావుగంట. ఒక పూట వెళ్లి కాళ్లు తడుపుకుని రావచ్చు. టక్‌టక్ కోసం పిక్‌మీ యాప్ పెట్టుకోండి, బేరాల గొడవ ఉండదు.

బందరు_లడ్డు
అసలు గాలే అంటే మాకు పరాయి ఊరు కాదు. గాలేని 1640లో పోర్చుగీసు వాళ్ల దగ్గర్నుంచి లాక్కున్న డచ్ కంపెనీయే మా మచిలీపట్నంలోనూ వ్యాపారం చేసింది. బందరు కోట దగ్గర డచ్ వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, భీమిలిలో కూడా ఉన్నాయి. గాలేలో 1755 నాటి డచ్ చర్చి ఉంటుంది చూడండి, లోపల నేలంతా సమాధి రాళ్లే పరిచి ఉంటాయి. కపాలం, ఎముకలు, వంశం గుర్తులు చెక్కిన రాళ్లు. నేను చెప్పులు విప్పి అడుగేయాలా వద్దా అని గుమ్మంలోనే నిలబడిపోయాను. చిన్నప్పుడు మేం బందరులో అలాంటి రాళ్ల మధ్యే దాగుడుమూతలు ఆడుకున్నాం.

తేడా ఏంటంటే వాళ్ల కోట నిలబడింది, మాది నిలబడలేదు. 1864 తుఫానులో బందరు తుడిచిపెట్టుకుపోయింది, ముప్ఫై వేల మంది దాకా పోయారంటారు. 2004 సునామీలో గాలే కోట గోడ నీళ్లని ఆపింది. గోడ బయట పల్లంలో ఉన్న బస్టాండు, క్రికెట్ గ్రౌండు మునిగిపోయాయి. లోపల ఊరు నిలబడింది. మూడొందల ఏళ్ల కిందట ఫిరంగి గుండ్లని ఆపడం కోసం కట్టిన గోడ అది.

ఎర్రబస్సు
సమాధులు చూడ్డానికి శ్రీలంక దాకా ఎందుకు, ఆయన చెప్పాడుగా, బందరు బస్సెక్కితే సరి.

బందరు_లడ్డు
రండి, లడ్డు కూడా పెడతా. గంటలో అయిపోదు కానీ.

టెస్టు_తాత
గాలేలో చర్చి గురించి మాట్లాడుకుంటున్నారు, గ్రౌండు గురించి ఒక్కరూ మాట్లాడరేం? కోట గోడ మీద కూర్చుంటే టెస్టు మ్యాచ్ కనిపిస్తుంది, ప్రపంచంలో అలాంటి గ్రౌండ్లు వేళ్ల మీద లెక్కపెట్టాలి. మురళీధరన్ 800వ వికెట్ ఇక్కడే, 2010 జులై 22. అవుటైంది మన ఓఝా. ఆఖరి టెస్టు, ఇంకా ఎనిమిది వికెట్లు కావాలి అని మొదలుపెట్టి సరిగ్గా ఎనిమిదే తీశాడు. 2008లో సెహ్వాగ్ ఓపెనింగ్‌కి వచ్చి ఇన్నింగ్స్ అయ్యేదాకా నిలబడి 201 నాటౌట్ కొట్టింది కూడా ఇక్కడే.

2015లో మన జట్టు 176 పరుగులు చేయలేక 112కే కుప్పకూలింది కూడా ఇక్కడే, హెరాత్ ఏడు తీశాడు. ఆ రోజు నేను ఆఫీసుకి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇప్పటికీ గుచ్చుతుంది.

ముంతకింద_పప్పు
తాతగారూ, సునామీ తర్వాత గ్రౌండు మళ్లీ లేచింది, మీరు మాత్రం 2015 నుంచి లేవలేదు.

టెస్టు_తాత
2007 డిసెంబరులో లేచింది, ఇంగ్లండ్‌తో టెస్టు. నేను 2017లో లేచాను, 304 పరుగుల తేడాతో గెలిచాం.

పెసరట్టు_ప్రియ
శాకాహారం అన్నారు కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. పొద్దున్న ఆప్పం, ఇడియాప్పం, పప్పు, కిరిహొది అనే కొబ్బరిపాల పులుసు, అన్నీ హాయిగా ఉంటాయి. కిరిబత్ అంటే కొబ్బరిపాలతో వండి ముక్కలుగా కోసిన అన్నం, మన మెత్తటి పొంగలికి చుట్టం. కానీ పక్కన ఎర్రగా కొబ్బరి పచ్చడి పెడతారు, పొల్ సంబోల్. మన కొబ్బరి కారంలా ఉంటుంది, చూడగానే నోరూరుతుంది. అందులో ఉంబలకడ వేస్తారు, అంటే ఎండబెట్టిన చేప పొడి. చాలా కూరల్లో కూడా వేస్తారు. "వెజిటేరియన్" అని చెప్తే తలూపి అదే తెచ్చిపెడతారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది చేప కాదు, ఉప్పులాంటిది. "ఉంబలకడ వద్దు" అని పేరు పెట్టి చెప్పాలి. మా అమ్మ రెండు రోజులు చక్కగా తిని మూడో రోజు తెలుసుకుంది. వచ్చాక కాశీ వెళ్దామంది.

ముంతకింద_పప్పు
తెలియకుండా తింటే దోషం లేదు. తెలిసిన మీరు రెండు రోజులు చెప్పకుండా ఎందుకు ఊరుకున్నారు?

పెసరట్టు_ప్రియ
నాకూ మూడో రోజే తెలిసింది! మీరు నన్ను అంటారేంటి.

పాస్‌బుక్_పంతులు
ఉంబలకడ. రాసుకున్నా. ఇంకా చెప్పండి. కొలంబో నుంచి గాలేకి రైలా, కారా?

అలల_అంచు
రైలు. వెళ్లేటప్పుడు కుడి వైపు కూర్చోండి. పట్టాలు సముద్రం పక్కనే పోతాయి, కొన్ని చోట్ల అలల తుంపర మొహం మీద పడుతుంది. రెండున్నర గంటలు వేసుకోండి. రిజర్వేషన్ ముందే చేయించుకోండి, లేకపోతే ఆఫీసులు వదిలే టైముకి మన సబర్బన్ రైలే.

కొలంబో_కోడలు
ఫ్లైటు దిగిన రోజు మాత్రం రైలు పెట్టుకోకండి. ఎయిర్‌పోర్టు ఉన్నది కొలంబోకి ఉత్తరాన కటునాయకలో, గాలే దక్షిణాన. సామానుతో కొలంబో ఫోర్ట్ స్టేషన్‌కి వచ్చి రైలు పట్టుకోవడం మీ ఆవిడ మోకాళ్లకి మంచిది కాదు. వెళ్లేటప్పుడు ఎక్స్‌ప్రెస్‌వే మీద కారులో వెళ్లండి, వచ్చేటప్పుడు రైలెక్కండి. అప్పుడు ఎడమ వైపు కూర్చోవాలి.

వీసా రూల్సు, ఫీజులు మారుతుంటాయి. ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే చూసి ఈటీఏ, అంటే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి, తీసుకోండి, అచ్చం దానిలాగే కనిపించే ఏజెంటు సైట్లు బోలెడున్నాయి. ఫిబ్రవరి అయితే సముద్రం ప్రశాంతంగా ఉంటుంది. మే నుంచి సెప్టెంబరు దాకా ఆ తీరంలో నైరుతి వానలు, అలలు గోడకి కొట్టుకుంటాయి. చూడ్డానికి అదీ బాగుంటుంది, దిగడానికి కాదు.

ఇంకొకటి. కోటలో ఒకాయన నవ్వుతూ వచ్చి "నన్ను గుర్తుపట్టలేదా, మీ హోటల్లో వంటవాణ్ని" అంటాడు. మీ హోటల్ పేరు ఆయనకి తెలీదు, మీరే చెప్పేస్తారు. తర్వాత "ఇవాళే ఆఖరి రోజు, రత్నాల సేల్" అంటాడు. నీలాల షాపుకి తీసుకెళ్తాడు. వెళ్లకండి. కొనాలంటే నెమ్మదిగా, మీ అంతట మీరు వెళ్లి, సర్టిఫికెట్ అడిగి కొనుక్కోండి.

ఎర్రబస్సు
ఇది మాత్రం నిజం. మా గ్రూపులో ఒకడు కొన్నాడు. ఇంటికొచ్చి చూపిస్తే గాజు అన్నారు. గంటలోనే ఊరు చూసేశాం అన్నాను కదా, మిగతా అరగంట ఆ షాపులో పోయింది.

ముంతకింద_పప్పు
మొత్తానికి ఎర్రబస్సు నోట నిజం వచ్చింది. టైర్లో గాలి తీసినంత హాయిగా ఉంది.

చరిత్ర_పిచ్చి
పేరు గురించి ఎవరూ అనలేదు. ఇంగ్లీషులో గాల్, సింహళంలో గాల్ల, తమిళంలో కాలి. మన పేపర్లు గాలే అని రాస్తాయి. కోట పాత ద్వారం లోపలి వైపు డచ్ కంపెనీ చిహ్నం ఉంటుంది, 1669 అని చెక్కి. రెండు సింహాల మధ్య గుర్తు, పైన కోడిపుంజు. పోర్చుగీసులో పుంజుని గాలో అంటారు, ఊరి పేరు దాన్నుంచే వచ్చిందని ఒక కథ. బయటి వైపు మాత్రం ఇంగ్లీషు వాళ్ల చిహ్నం, 1796 తర్వాత పెట్టింది. ఒకే ద్వారం, బయట ఒక యజమాని, లోపల ఒక యజమాని.

ఆ మాటకొస్తే ఆ ఊళ్లో దొరికిన అన్నింటికన్నా గొప్ప రాయి ఇప్పుడు ఆ ఊళ్లో లేదు. 1409 నాటి చైనా శాసనం, నౌకాధిపతి జెంగ్ హే తెచ్చి పెట్టించింది. చైనీస్, తమిళం, పర్షియన్, మూడు భాషల్లో ఉంటుంది. చైనీస్‌లో బుద్ధుడికి, తమిళంలో దేవుందర అనే ఊళ్లోని విష్ణువుకి, పర్షియన్‌లో అల్లాకి కానుకలు. 1911లో గాలేలో కల్వర్టు దగ్గర దొరికింది. ఇప్పుడు కొలంబో మ్యూజియంలో ఉంది.

బందరు_లడ్డు
పుంజు బొమ్మ చూసి నేను మా గోదావరి చుట్టాలెవరో సంక్రాంతికి వచ్చి వెళ్లారనుకున్నా.

ముంతకింద_పప్పు
తమిళంలో "కాలి" అన్నారు కదా. బోర్డు చూసి ఖాళీ అనుకున్నా. పంతులు గారూ, మీ ఆవిడ సరైన ఊరే ఎంచుకుంది.

టెస్టు_తాత
ఈ ఒక్క జోకుకి నీకు లైఫ్ ఇచ్చాను.

చరిత్ర_పిచ్చి
ఇంకో సంగతి, ఇది గాలే కాదు కానీ మనకి సంబంధం ఉంది. శ్రీలంకలో తెలుగు మాట్లాడే సంచార జాతి ఉంది, అహికుంటిక అంటారు, పాములాడించేవాళ్లు. అనురాధపురం వైపు, అంపారై వైపు ఊళ్లలో స్థిరపడ్డారు. మరో సంగతి క్యాండీ నాయకర్ రాజులు, 1815లో...

కొలంబో_కోడలు
చరిత్ర గారూ, ఆయన అడిగింది నాలుగు రాత్రుల గురించి. మీరు నాలుగు శతాబ్దాలు తెచ్చారు.

అలల_అంచు
తెచ్చినప్పుడు ఇదీ వినండి. ఉనవతున పక్కనే రుమస్సల గుట్ట ఉంది. హనుమంతుడు సంజీవని కొండ తెస్తుంటే ఒక ముక్క జారి అక్కడ పడిందని వాళ్ల కథ. ఉనవతున అంటే "అక్కడ పడింది" అనేలా అర్థం చెప్తారు. నిజంగానే మందు మొక్కలు పెరిగే గుట్ట. పైన జపాన్ వాళ్లు కట్టిన తెల్లటి శాంతి స్తూపం ఉంది. అక్కడి నుంచి చూస్తే కోట మొత్తం కనిపిస్తుంది. మోకాళ్లకి టక్‌టక్ దాదాపు పైదాకా వెళ్తుంది.

పాస్‌బుక్_పంతులు
మా ఆవిడకి ఇదంతా చదివి వినిపించా. "ఇంతమంది చెప్తున్నారు కదా" అంది. ఎంతమంది వద్దన్నారో వినిపించలేదు. బుక్ చేసేశాం. కోట లోపలే, నాలుగు రాత్రులు. బావమరిదికి ఇంకా చెప్పలేదు.

కొలంబో_కోడలు
తేదీలు చూసుకున్నారా? పౌర్ణమి పడితే ఆ రోజు పోయ, దేశమంతా సెలవు. మద్యం అమ్మరు.

పాస్‌బుక్_పంతులు
ఆ బాధ లేదమ్మా, నేను కాఫీ మనిషిని.

కొలంబో_కోడలు
అది టీ దేశం సార్. అసలు బాధ మీకు అక్కడుంది.

పాస్‌బుక్_పంతులు
వెళ్లొచ్చాం. మొన్న రాత్రి దిగాం. మాట ఇచ్చాను కాబట్టి రాస్తున్నా.

మొదటి రోజు పొద్దున్న ఆరింటికి నేనొక్కణ్నే గోడ ఎక్కాను. ద్వారం దగ్గర మొదలుపెట్టి, లైట్‌హౌస్ దాటి (1939లో కట్టిందట, తెల్లగా తాటిచెట్ల మధ్య భలే ఉంది, పైకి ఎక్కనివ్వరు), ఫ్లాగ్ రాక్ చూసి, పడమటి గోడ మీదుగా గడియార స్తంభం దాకా వచ్చేశాను. గంటా పది నిమిషాలు. గదికొచ్చేసరికి ఏడున్నర. మా ఆవిడ వరండాలో కూర్చుని టీ తాగుతోంది. "అయిపోయింది, ఇప్పుడేంటి?" అన్నాను. "ఏమీ లేదు, కూర్చోండి" అంది. ఆ రోజు మధ్యాహ్నం నాకు నిజంగా చేతులు కాళ్లు ఆడలేదు. బావమరిది షీటు తీసి చూశాను. ఆ టైముకి మేం ఏనుగుల దగ్గర ఉండాలి.

సాయంత్రం ఇద్దరం నెమ్మదిగా వెళ్లాం. అదే గోడ. పొద్దున్న నేను చూసింది ఏమీ లేదు అక్కడ. పెళ్లికూతుళ్లు, ఫొటోగ్రాఫర్లు, ఒకే సాయంత్రం నాలుగు జంటలు. ఐస్‌క్రీం బండి. తెల్ల యూనిఫాం పిల్లలు బ్యాగులు వికెట్లుగా పెట్టి క్రికెట్ ఆడుతున్నారు. ఒక బంతి నా కాళ్ల దగ్గరికొస్తే విసిరాను, వైడ్ అన్నారు. తాతగారూ, గాలేలో నా రికార్డు కూడా ఏమంత బాగాలేదు.

రెండో రోజు లాయర్ల వీధి దొరికింది. కొలంబో కోడలు గారు మనిషిని చదివేశారు. నల్లకోట్లు, ఫైళ్లు, చెట్టు కింద నిలబడి కాగితం మీద వేలు పెట్టి వాదించుకుంటున్న అన్నదమ్ములు. భాష రాదు కానీ విషయం స్థలం సరిహద్దు అని నేను ప్రమాణం చేసి చెప్పగలను. ముప్ఫై ఏళ్లు అవే మొహాలు చూశాను. గంటసేపు బెంచీ మీద కూర్చున్నాను. మా ఆవిడ వెతుక్కుంటూ వచ్చి, "సెలవు పెట్టి వచ్చి మళ్లీ ఆఫీసుకే వెళ్లారా" అంది.

వంటవాడు కూడా వచ్చాడు! అచ్చం మీరు చెప్పిన డైలాగే. ఇంత చదువుకుని వెళ్లి కూడా నేను హోటల్ పేరు చెప్పేశాను. నాలుగడుగులు వేశాక గుర్తొచ్చింది. "మా హోటల్లో ఇవాళ టిఫిను ఏంటి?" అని అడిగాను. నవ్వి వెళ్లిపోయాడు, కోపం కూడా పడలేదు పాపం.

ఉనవతున ఒక పూట వెళ్లాం, రుమస్సల కూడా. బాగుంది. కానీ పాటల మోతకి మా ఆవిడ త్వరగా వెళ్దామంది. స్తూపం దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుంది, కొండ తెచ్చిన హనుమంతుడి కథ నాకే మళ్లీ చెప్పింది.

వచ్చేటప్పుడు రైలు. ఎడమ వైపు. హిక్కడువ దాటాక ఎదురు సీట్లో ఉన్న పెద్దావిడ కిటికీ లోంచి చూపించి ఏదో అంది. పెరలియ అట. 2004 డిసెంబరు 26న సునామీ నీళ్లు వచ్చినప్పుడు ఇదే దారిలో వెళ్తున్న ఒక రైలు ఆగిపోయింది అక్కడే, పదిహేడు వందల మందికి పైగా పోయారు. ఇళ్ల మధ్య ఎత్తుగా నిలబడి బుద్ధుడి విగ్రహం కనిపించింది. పెద్దావిడ చేతులు జోడించింది, మేమూ జోడించాం. తర్వాత కొలంబో దాకా ముగ్గురం పెద్దగా ఏం మాట్లాడలేదు. దిగేటప్పుడు మా ఆవిడకి ఒక అరటిపండు ఇచ్చింది.

మైనస్‌లు కూడా చెప్పాలి. మేం దిగిన ఇల్లు బయటికి అందంగా ఉంది కానీ గదిలో చెమ్మ వాసన, రెండో రాత్రి ఏసీ పనిచేయలేదు, చెప్తే పొద్దున్నకి వచ్చారు. కోట లోపల భోజనం రేట్లు మన స్టార్ హోటల్ రేట్లే. కోట బయట బస్టాండు వైపు వెళ్తే అదే అన్నం, నాలుగు కూరలు మూడో వంతుకి వచ్చాయి. ఉంబలకడ వద్దు అంటే అక్కడ అర్థం చేసుకుని, పప్పు మళ్లీ వేశారు.

దాల్చినచెక్క కొన్నాం. చేత్తో నలిపితే విరిగిపోయేంత పల్చగా, చుట్టలా ఉంది. మనం బిర్యానీలో వేసేది ఎక్కువగా కాసియా అట, మొద్దు బెరడు. ఈ చెక్క కోసమే పోర్చుగీసులు, డచ్చివాళ్లు కొట్టుకున్నారని షాపాయన చెప్పాడు. టీలో వేసుకున్నా. కాఫీ మనిషిని కదా, కాఫీలో వేస్తే బాగోలేదు.

ఎర్రబస్సు
అంతా బాగానే ఉంది. మూడో రోజు, నాలుగో రోజు ఏం చేశారో రాయలేదు.

పాస్‌బుక్_పంతులు
రాయడానికి ఏం లేదండి.

కొలంబో_కోడలు
హహహ. మూడో రోజు నుంచి మొదలవుతుంది అన్నానా లేదా.

ముంతకింద_పప్పు
బావమరిదికి చెప్పారా?

పాస్‌బుక్_పంతులు
ఫొటోలు అడిగాడు. అన్నీ ఒకే గోడవి ఉన్నాయి, ముప్ఫై ఏడు. "కెమెరా హ్యాంగ్ అయిందా బావా" అన్నాడు.

ఒక సాయం కావాలి. రోజూ రాత్రి భోజనం అయ్యాక మట్టి ముంతలో గేదె పెరుగు పెట్టి, పైన నల్లటి పాకం పోసేవారు, కితుల్ పాకం. మా ఆవిడ ఇంటికొచ్చాక రోజూ అదే అడుగుతోంది. సీసా కొన్నాం కానీ సూట్‌కేసులో మూత ఊడి, నా రెండు చొక్కాలు పాకంలో పడ్డాయి. హైదరాబాద్‌లో ఎక్కడైనా దొరుకుతుందా?

పెసరట్టు_ప్రియ
తాటిబెల్లం కరిగించి పోసి చూడండి, దగ్గరగా వస్తుంది. అదే కాదు గానీ.

జీలుగు_నీడ
ఇన్నాళ్లూ చదవడమే తప్ప రాయలేదు, ఇప్పుడు రాయక తప్పట్లేదు. కితుల్ అంటే మన జీలుగు చెట్టే. మాది రంపచోడవరం వైపు, మా కొండల నిండా జీలుగు చెట్లే.

పాస్‌బుక్_పంతులు
నిజమా! అయితే మీ దగ్గర పాకం దొరుకుతుందా?

జీలుగు_నీడ
వాళ్లు ఆ చెట్టు నుంచి తీసిన రసాన్ని కాచి పాకం చేస్తారు సార్. మా దగ్గర పొయ్యి దాకా రాదు, పొద్దున్నే కల్లుగా అయిపోతుంది.

ముంతకింద_పప్పు
పంతులు గారూ, నాలుగు రాత్రులు, రంపచోడవరం. బుక్ చేయండి. పోయ రోజు కూడా దొరుకుతుంది.